తాళాల దండ

తెల్లారి నేను గుడారం జిప్పు లాగేసరికి మా అన్నయ్య గార్త్ సైకిలు చెట్టుకి ఆనించే ఉంది, అతని హెల్మెట్‌లో ఫోను, ఇంటి తాళాలు, పెళ్లి ఉంగరం వరుసగా పెట్టి ఉన్నాయి, గార్త్ మాత్రం ఎక్కడా లేడు.

ఫోను, తాళాలు చూసి అంత కంగారుపడలేదు. ఉంగరం చూశాక గట్టిగా అరిచాను.

"క్లెమ్! లే! గార్త్ లేడు!"

రెండో గుడారంలోంచి అన్నయ్య చిన్ననాటి స్నేహితుడు క్లెమ్ గొంతు బద్ధకంగా వచ్చింది. "ఒంటికి వెళ్లుంటాడులే. మీ అన్న వయసుకి అది గంట పని."

"ఉంగరం తీసి పెట్టి వెళతారా ఒంటికి?"

లోపల గుడ్డ చప్పుడు ఆగిపోయింది. మరుక్షణం క్లెమ్ మేజోళ్లతోనే బయటికొచ్చాడు. హెల్మెట్‌లోకి వంగి చూశాడు. నిద్రమొహంలో రంగు పోయింది.

"కొండ అంచు," అన్నాడు. "మెరిడీ, అటు పరిగెత్తుదాం పద."

నా మనసులో ఉన్నదీ అదే. మేం పడుకున్న వాగు ఒడ్డు నుంచి కాస్త పైకెక్కితే బాట రాతి అంచు మీదికి పోతుంది. అంచు దాటితే కింద లోయ తప్ప ఏమీ లేదు.

ముందురోజు రాత్రి గార్త్ అన్న మాట గుర్తొచ్చింది. గ్యాస్ పొయ్యి మీద నూడుల్స్ ఉడికించుకుని తింటున్నాం. కట్టెల మంట వెయ్యలేదు. కార్చిచ్చు వచ్చిన ఆ వేసవి తర్వాత గార్త్ ముందు అగ్గిపుల్ల గీయాలన్నా మాకు చెయ్యి రాదు. సగం తిని గిన్నె పక్కన పెట్టి, "రేపు ఒకసారి చూసుకుంటాను. ఆ తర్వాత ఎవరినీ విసిగించను," అన్నాడు.

"ఏం చూసుకుంటావు?" అని అడిగాను.

"పడుకో మెరిడీ," అన్నాడు.

అడగాల్సింది. పట్టుబట్టి అడగాల్సింది.

ఈ ప్రయాణం క్లెమ్ ఆలోచన. రెండు పగళ్లు, ఒక రాత్రి. సైకిళ్లకి గుడారాలు, సంచులు కట్టుకుని రేజర్‌బ్యాక్ కొండని ఫైర్ ట్రెయిల్ అనే ఫైరింజన్ల బాట మీద ఎక్కి, అడవిలో పడుకుని, అవతల వైపు దిగడం. బడి రోజుల్లో వాళ్లిద్దరూ ప్రతి సెలవులకీ ఈ బాట తొక్కేవాళ్లు. నేను వెనకాల ఏడుస్తూ తొక్కేదాన్ని. గార్త్ సైకిలెక్కి ఏడాది దాటింది. క్లెమ్ అడగ్గానే ఒప్పుకున్నాడంటే నమ్మలేకపోయాను. అన్నయ్య తేరుకుంటున్నాడని సంబరపడ్డాను కూడా.

ఈ బాట మొదట్లో ఒక ఇనుప గేటు ఉంది. ఫైరింజన్లు తప్ప జీపులు, మోటారు సైకిళ్లు పైకి పోకూడదని పెట్టారు. స్తంభాలు రైలు పట్టాలు, కాంక్రీటులో దిగేసినవి. గుద్దితే బండి చస్తుంది కానీ గేటు చావదు. గొలుసు ఒక ఇనుప గూట్లో ఉంటుంది. గూట్లోకి చెయ్యి పడుతుంది, గొలుసు కోసే కట్టర్ పట్టదు. లోపల గొలుసు రెండు చివరల మధ్య తాళాలు ఒకదాని కొక్కెంలో ఒకటి, దండ గుచ్చినట్టు ఉంటాయి. పార్కు వాళ్లది ఒకటి, కరెంటు వాళ్లది ఒకటి, మా ఊరి ఫైర్ దళానిది ఒకటి. క్లెమ్ తేనెటీగలు పెంచుతాడు, అతని తేనెపెట్టెలకి పైన చోటిచ్చారు కాబట్టి అతనిదీ ఒకటి. ఎవరు తమ తాళం తీసినా దండ తెగుతుంది, గేటు తెరుచుకుంటుంది. మూసేటప్పుడు మాత్రం మన తాళాన్ని పక్కవాళ్ల తాళంలోనే వెయ్యాలి. పక్కదాన్ని దాటేసి అవతలిదాన్లో వేశామో, మధ్యలోది ఉత్తినే వేలాడుతుంది. దాన్ని తెరిచినా చేతికి తాళం వస్తుంది కానీ గేటు రాదు.

రెండు వేసవుల కిందట జనవరిలో, మాకది నడి ఎండాకాలం, గాలి తిరిగి కార్చిచ్చు రేజర్‌బ్యాక్ కొండ ఎక్కింది. పైన యూనా ట్రాస్క్ ఒక్కతే ఉంది. ఎనభై దాటిన మనిషి. ఇంటి ముందు నీళ్ల తొట్టికి కుళాయి పెట్టి, పక్కనే ఎనామిల్ మగ్గు కట్టి, వచ్చేపోయే సైకిళ్ల వాళ్లందరికీ నీళ్లిచ్చేది. ఖాళీ చేతులతో పోనిచ్చేది కాదు. బిస్కెట్టో, తిట్టో ఏదో ఒకటి చేతిలో పెట్టేది.

ఆమెను తీసుకురావడానికి మొదటి ఫైరింజన్‌తో వెళ్లింది దళంలో వాలంటీరైన గార్త్. తోటి వాలంటీర్ ఒకామె బండిలో రేడియో దగ్గర కూర్చుంది. గార్త్ పొగలో దిగి, గూట్లో చెయ్యి పెట్టి, తిరిగొచ్చి బండి వెనక్కి తిప్పాడు. చుట్టుదారిన వెళ్లేసరికి ఇంటి కప్పు కూలిపోయింది, యూనా లోపలే ఉండిపోయింది.

"తాళం తెరుచుకుంది. గేటు తెరుచుకోలేదు," అన్నాడు గార్త్.

విచారణకి వచ్చినవాళ్లు గూట్లో చూశారు. దండ సరిగ్గానే ఉంది. దళం తాళంచెవి పెట్టి తిప్పారు. గేటు హాయిగా తెరుచుకుంది. తాళాలున్న వాళ్లందరినీ ఆ రోజు గేటు తీశారా అని అడిగారు. ఎవరూ తియ్యలేదన్నారు. క్లెమ్ అయితే ఏడ్చాడు. "నా పెట్టెలన్నీ పైనే కాలిపోయాయి. తీసుంటే తెచ్చుకునేవాణ్ణి కదా," అన్నాడు.

గార్త్‌ని ఎవరూ తిట్టలేదు. అదే వచ్చిన చిక్కు. దుకాణంలో, పబ్బులో, చర్చి మెట్ల మీద భుజం తట్టి, "అంత పొగలో ఎవరికైనా చేతులు వణుకుతాయి మేట్," అనేవాళ్లు. ఒక్కొక్కరు భుజం తట్టినప్పుడల్లా మా అన్నయ్య ఒక్కో అంగుళం కుంగిపోయాడు. మొదట దళానికి వెళ్లడం మానేశాడు. తర్వాత షెడ్డులోంచి బయటికి రావడం మానేశాడు. ఆఖరికి ఒకరోజు నన్నే అడిగాడు, "మెరిడీ, నేను అసలు తాళం తెరిచానంటావా?" అని.

ఇదీ సంగతి. అందుకే ఉంగరం చూసి అంత భయపడ్డాను.

క్లెమ్ బూట్లు వేసుకుని అప్పటికే అంచు వైపు అరుస్తూ పోతున్నాడు. "గార్త్! ఒరేయ్ గార్త్!"

నేను కింద చూశాను. రాత్రి మంచుకి బాట మీద దుమ్ము మెత్తగా అణిగి ఉంది. సైకిలు బూటు అడుగున ఇనుప బిళ్ల ఉంటుంది, దాని అచ్చు స్పష్టంగా పడింది. వెళ్లింది అంచు వైపు కాదు. నిన్న మేం ఎక్కివచ్చిన దారినే వెనక్కి దిగింది.

"క్లెమ్, ఇటు! అడుగులు ఇటు పోయాయి!"

అతను వెనక్కి వచ్చి చూశాడు. "అవి నిన్నటివి."

"నిన్న మనం సైకిళ్ల మీద వచ్చాం."

నా వెనక నడిచాడు. కాలిన జామాయిల్ చెట్లు రెండు పక్కలా నల్లగా నిలబడి ఉన్నాయి. మాను పొడవునా పచ్చటి చిగుళ్లు జుట్టులా మొలిచాయి. బతికి ఉన్నట్టూ కాదు, చచ్చినట్టూ కాదు. పైన ఎక్కడో నల్ల కాకతువ్వ చిలకలు అరుచుకుంటూ పోయాయి. అవి అలా అరిస్తే వాన వస్తుందని మా వైపు నమ్మకం.

యూనా ఇల్లు ఉన్నచోట ఇప్పుడు పొగగొట్టం, కాంక్రీటు తొట్టి మిగిలాయి. మగ్గు ఇంకా కుళాయి పక్కనే వేలాడుతోంది. మసి పట్టిన మగ్గు. ముట్టుకుంటే తడిగా ఉంది. బూడిద వేళ్ల ముద్రలు దాని చెవి మీద కొత్తగా పడి ఉన్నాయి.

నా ఊపిరి కాస్త తిరిగొచ్చింది. చావబోయేవాడు నీళ్లు తాగిన మగ్గు మళ్లీ కొక్కేనికి తగిలించి వెళ్లడు.

పొగగొట్టం కింద వంటింటి బూడిదని ఎవరో చేతులతో కెలికారు. పొయ్యి రాయి మీద మేకులు చిన్న కుప్పగా పోసి ఉన్నాయి. వంకరవి, తుప్పువి, గుప్పెడు.

"ఏం చేస్తున్నాడు వీడు?" అన్నాను. "ఇందుకా ఉంగరం తీసింది, బూడిదలో చేతులు పెట్టడానికి?"

క్లెమ్ ఆ మేకుల వైపే చూస్తున్నాడు. నేను మాట్లాడింది వినలేదు.

"క్లెమ్?"

"అంచు దగ్గరికే పోయుంటాడు," అన్నాడు. "ఇక్కడ ఆగి, మళ్లీ పైకెక్కి ఉంటాడు. మనం వాణ్ణి దాటేసి వచ్చాం. పద మెరిడీ, ఆలస్యమైతే..."

"మగ్గు తడిగా ఉంది. అడుగులు అటు పోతున్నాయి, చూడు. నీ తేనెపెట్టెల చోటు వైపు."

"అటు ఏమీ లేదు."

"ఏమీ లేకపోయినా మనిషి ఉండొచ్చుగా."

"ఏమీ లేదన్నాను కదా!"

ముప్పై ఏళ్లుగా తెలుసు నాకు క్లెమ్. నా మీద అరవడం అదే మొదటిసారి. అరిచి, తనే బెదిరిపోయి నిలబడ్డాడు. నేను అటే నడిచాను. కాసేపటికి వెనక అతని అడుగులు వినిపించాయి, మెల్లగా, దూరంగా.

గార్త్ చెట్ల మధ్య ఖాళీలో మోకాళ్ల మీద ఉన్నాడు. రెండు చేతులూ మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. చుట్టూ ఇటుకలు, జతలు జతలుగా, వరుసలుగా. తేనెపెట్టెలు వాటి మీదే పెడతారు. ఇటుకల మధ్య గడ్డి పీకి, మట్టి గీకి, జల్లెడ పట్టినట్టు వేళ్లతో వెతుకుతున్నాడు.

వెళ్లి వీపు మీద ఒక్కటిచ్చాను. "ఫోను తీసుకెళ్లడానికి ఏం రోగం నీకు? నేను కొండ కింద నీ శవం కోసం చూడాలా?"

గార్త్ నావైపు వింతగా చూశాడు. "ఈ నిక్కరుకి జేబుల్లేవు," అన్నాడు. తర్వాత అర్థమైనట్టుంది. మొహం తిప్పుకున్నాడు. "అలా అనుకున్నావా? అబ్బే. అది... మొన్నటిదాకా అనుకున్నాలే. ఇవాళ కాదు."

నేను అక్కడే నేల మీద కూలబడ్డాను.

"ఇది చూడు," అన్నాడు. అరచేతులు రెండూ చాపాడు. ఖాళీ. "యూనా వంటింట్లో ఒక్కచోట గీకితే గుప్పెడు మేకులొచ్చాయి. ఇక్కడ తెల్లారినప్పటినుంచీ గీకుతున్నాను. ఒక్క మేకు లేదు."

"అయితే?"

"పోయిన చలికాలం క్లెమ్‌కి రెండు పెట్టెలు చేసిచ్చాను, గుర్తుందా? పోయినవాటికి బదులు. అప్పుడు తెలిసింది ఒక్క పెట్టెకి ఎన్ని మేకులు కొట్టాలో. లోపల చట్రాలకి తీగలుంటాయి. పైన రేకు మూత. ఇరవై ఏళ్లు మంటలార్పాను మెరిడీ. చెక్క కాలుతుంది, మైనం కాలుతుంది. మేకు కాలదు, తీగ కాలదు, రేకు వంకర పోతుంది కానీ మాయమైపోదు. నిన్న ఇటునుంచి వస్తుంటే ఈ ఇటుకలు కనిపించాయి. ఉత్త ఇటుకలు. రాత్రంతా నిద్ర పట్టలేదు."

క్లెమ్ ఖాళీ చివర ఒక నల్లటి మాను పక్కన ఆగి ఉన్నాడు. ఎప్పటినుంచి వింటున్నాడో.

"రేకులు ఎవరో ఎత్తుకుపోయి ఉంటారు," అన్నాడు. "పాత ఇనుముకి."

గార్త్ నవ్వలేదు. "మేకులు కూడా ఏరుకెళ్లారా మేట్? అయస్కాంతం తెచ్చుకుని?"

పెట్టెలు ఇక్కడ కాలనే లేదన్నమాట.

అప్పుడు నాకు నిన్నటి గేటు గుర్తొచ్చింది. గార్త్ గేటు వైపు చూడలేక దూరంగా వీపు తిప్పుకుని, బిగుతుగానే ఉన్న సంచి పట్టీలు మళ్లీ బిగించుకుంటున్నాడు. క్లెమ్ తన తాళం తీసి మా సైకిళ్లు లోపలికి పంపి, మళ్లీ తాళం వేశాడు. వేసి ఊరుకోలేదు. వంగి ఫోను లైటు గూట్లోకి కొట్టి, దండలో ప్రతి తాళాన్నీ వేలితో పట్టి లాగి చూశాడు. ఒకసారి కాదు, మొదటినుంచి మళ్లీ. "ఏంటి క్లెమ్, జపమాల తిప్పుతున్నావా?" అని నవ్వాను. "అలవాటు," అన్నాడు.

ఎవరికి అలవాటు? రాత్రంతా లారీ తలుపులు బార్లా తెరిచి పబ్బులో పాటలు పాడే మనిషికా? తన పెళ్లి రోజున రెండు కాళ్లకీ వేర్వేరు బూట్లు వేసుకొచ్చిన మనిషికా?

"నిన్న తాళాలు ఎందుకలా లాగి చూశావు క్లెమ్?" అని అడిగాను.

చినుకులు మొదలయ్యాయి. ఇటుకల మీద ఒక్కొక్క చుక్కా నల్లగా పడుతోంది.

గార్త్ లేచి నిలబడ్డాడు. చేతులు నిక్కరుకి తుడుచుకున్నాడు. అతను మీదికి వెళతాడనుకుని నేను కూడా లేచాను. వెళ్లలేదు. గొంతు కూడా పెంచలేదు.

"ఒరేయ్, నిన్ను కొట్టను. తిట్టను. నాకు ఒక్క మాట కావాలి. రోజూ పొద్దున లేస్తూనే ఆ గూట్లో చెయ్యి పెడుతున్నాను నేను. తాళం తెరుచుకున్నట్టే ఉంటుంది. మళ్లీ ఏమో, నేనే అలా కల్పించుకున్నానేమో అనిపిస్తుంది. నాకు పిచ్చెక్కిందా లేదా, అంతే చెప్పు. నా తాళం తెరుచుకుందా?"

క్లెమ్ వచ్చి ఒక ఇటుకల జత మీద కూర్చున్నాడు. తల ఎత్తలేదు. నేల చూస్తూనే చెప్పాడు.

"ఆ పొద్దున నేను ఇక్కడే ఉన్నాను. గాలి తిరుగుతుందని రేడియోలో విన్నాను. తేనెటీగలు లోపలుండగానే పెట్టెలు మూసి లారీకెక్కించాలని చీకటితోనే వచ్చాను. ఒక్కణ్ణే. అన్నీ ఎక్కించేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. దిగుతుంటే యూనా వరండాలో ఉంది. మగ్గు ఎత్తి చూపించింది, టీ తాగి పొమ్మని. అప్పటికి పొగ కొండకి అవతలే ఉంది. నా పక్క సీటు ఖాళీగా ఉంది గార్త్. ఆపి 'ఎక్కు' అంటే తిట్టుకుంటూ ఎక్కేది. నేను హారన్ కొట్టి వచ్చేశాను. ఈగలు ఎండకి చచ్చిపోతాయని.

గేటు దాటి బండి ఆపేసరికి వెనక ఒక పెట్టె మూత కదిలిపోయింది. ఈగలు ముసిరాయి. కనురెప్ప మీద కుట్టాయి, ఒక కన్ను మూసుకుపోయింది. చేతికి గ్లవ్స్ ఉన్నాయి, తియ్యలేదు. గూట్లో చెయ్యి పెట్టి, దొరికిన కొక్కెంలో నా తాళం నొక్కాను. టక్కుమంది. ఆ చప్పుడు చాలనుకున్నాను. ఎవరి దాన్లో వేశానో చూడలేదు.

మర్నాడు పొద్దున నువ్వు అన్న మాట విన్నాను. 'తాళం తెరుచుకుంది, గేటు తెరుచుకోలేదు.' విన్న క్షణంలో నాకు తెలిసిపోయింది. మంట వల్ల దారి మూసి కాపలా ఉన్నవాళ్లని నా పెట్టెలు చూసుకోవాలని బతిమాలితే పాపమని వదిలారు. గూట్లో లైటు వేసి చూశాను. దళం తాళం పక్కకి వేలాడుతోంది. నేను దాన్ని దాటేసి కరెంటు వాళ్లదాన్లో వేశాను. అది మూసే ఉంది, అంటే ఇంకొకటి కూడా తెలిసింది. నువ్వు దాన్ని తెరిచి, మళ్లీ మూసి వెళ్లావు. మంట మీద పడుతుంటే కూడా తెరిచిన తాళాన్ని అలా వదిలెయ్యలేదు నువ్వు. దళంలో నేర్పినట్టే చేశావు. నేను నా తాళం తీసి, మీ దాన్లో వేసి, దండ సరిచేశాను. చేతులు వణకలేదు. అదే ఇప్పటికీ భయం నాకు.

అప్పుడైనా చెప్పాలి. విచారణ ఆయన 'మీ పెట్టెలేమయ్యాయి?' అన్నాడు. 'కాలిపోయాయి' అనేశాను. ఒక్కసారి కాలిపోయాయని అన్నాక నేను ఆ రోజు ఇక్కడికి రానట్టే. రానట్టయితే గేటు ముట్టుకోనట్టే. పెట్టెలు మా బావమరిది తోటలో ఉన్నాయి. తెల్లవాటికి నీలం రంగు వేశాను. నువ్వు చేసిచ్చిన రెండూ నా షెడ్డులో ఖాళీగా ఉన్నాయి. వాటిలో ఈగల్ని పెట్టలేకపోయాను. అవి తెచ్చిన రోజు నువ్వు నా భుజం తట్టావు, గుర్తుందా? 'పోనీలేరా, నువ్వు క్షేమంగా ఉన్నావు' అన్నావు.

నిన్న రాత్రి చెబుదామనే నిన్నిక్కడికి తీసుకొచ్చాను. నూడుల్స్ తిన్నాక అనుకున్నాను. టీ తాగాక అనుకున్నాను. గుడారంలోకి పోయి జిప్పు లాక్కున్నాను. ఇవాళ నీ ఉంగరం చూసినప్పుడు నా గురించే భయపడ్డాను. నువ్వు పోతే ఇంక చెప్పక్కర్లేదని ఒక్క క్షణం అనిపించింది. అదీ నేను. ఇటు వద్దని మెరిడీని ఆపింది కూడా ఈ ఇటుకలు చూస్తుందనే.

గేటు దగ్గర సిగ్నల్ వస్తుంది. విచారణ వాళ్లకి ఫోను నేనే చేస్తాను, మీరిద్దరూ పక్కన నిలబడి వినండి. నీకు పిచ్చెక్కలేదు రా. నీ తాళం తెరుచుకుంది. గేటు మూసింది నేను."